ప్లాటినము చేయు పని బొగ్గు చేయగలదా?

నీటిలోనికి విద్యుత్తును పంపినచో ఒక పలకవద్ద ఉదజనియు, రెండవ పలకవద్ద ఆమ్లజనియు బుడగలుగా వెలువడుట ఉన్నత పాఠశాల విద్యార్థులు చూచిన ప్రయోగమే. రెండు గాజు గొట్టములలో వాయువులు చేరును. ఒకదానిలో చేరినది రెండవదానికి రెట్టింపు ఉండును. ఉపాధ్యాయుడు బ్యాటరీని తీసివేయును, పాఠము ముగియును. అయితే బ్యాటరీని తీసివేసిన పిమ్మట ఆ పలకలకు, అవి ప్లాటినపు పలకలే అయినచో, ఒక గాల్వనామీటరును తగిలించి చూచువారు తక్కువ. చూచినచో ముల్లు కదలును. కదలుటయే గాక, విద్యుత్తు మునుపటికి వ్యతిరేకదిశలో పారుచున్నట్లు చూపును. గొట్టములలోని వాయువులు మెల్లమెల్లగా తరిగిపోవుచుండును. విద్యుత్తుచే విడిపోయిన వాయువులు తిరిగి నీరగుచు, తాము పుచ్చుకొన్న విద్యుత్తులో కొంత భాగమును మరల ఇచ్చివేయుచున్నవన్నమాట.

ఈ సంగతిని 1839లో ప్రకటించినవాడు విలియం రాబర్టు గ్రోవ్. వేల్సు దేశములోని స్వాన్సీ ఆతని ఊరు. వృత్తిచే న్యాయవాది, తరువాతి కాలమున న్యాయమూర్తి. దాదాపు అదే కాలమున స్విట్జర్లాండులోని బాజెల్ నగరమున ఆచార్యుడుగా ఉన్న షోన్‌బైన్ కూడ దీనిని గుర్తించెను. గ్రోవ్ అంతటితో ఆగలేదు. ఇట్టి జతలను పెక్కింటిని వరుసగా కలిపి, వాటినుండి వచ్చిన విద్యుత్తుతో మరియొక పాత్రలోని నీటిని విడదీసి చూపెను. ద్రవము, వాయువు, ప్లాటినము అను మూడును కలియు చోటనే చర్య జరుగుననియు, అట్టి చోటు ఎంత విరివిగా ఉండిన విద్యుత్తు అంత ఎక్కువగా వచ్చుననియు ఆతడు ఆనాడే గ్రహించెను. తరువాత వచ్చిన ఇంజనీర్ల శ్రమ యంతయు ఒక విధముగా ఈ రెండు వాక్యములకు వ్యాఖ్యానమే.

ఇట్టి పరికరమునకు ఇంధన ఘటమని పేరు. బ్యాటరీకిని దీనికిని భేదమున్నది. బ్యాటరీలో రసాయనములు లోపలనే దాచబడి యుండును. అవి అయిపోయిన బ్యాటరీ పని అయిపోవును. ఇంధన ఘటము పొయ్యి వంటిది. బయటినుండి ఇంధనము వచ్చుచున్నంత కాలము పనిచేయుచునే యుండును.

ఘటము లోపల

నేటి ఘటము గ్రోవ్ గొట్టములవలె ఉండదు. రెండు పలకల నడుమ పలుచని ప్లాస్టిక్కు త్వచము ఒకటి ఉండును. ఆమ్లగుణము గల నఫియాన్ అను పదార్థముతో దీనిని చేయుదురు. ప్రోటానులు ఈ త్వచము గుండ పోగలవు, ఎలక్ట్రానులు పోలేవు. ఉపాయమంతయు ఇందులోనే యున్నది. ఉదజని అణువు ఒక పలకను చేరి, అచట రెండు ప్రోటానులుగాను, రెండు ఎలక్ట్రానులుగాను విడిపోవును. ప్రోటానులు త్వచమును అడ్డముగా దాటి ఆవలికి చేరును. ఎలక్ట్రానులకు ఆ దారి లేదు గనుక అవి తీగవెంట చుట్టు తిరిగి పోవలెను. పోవుచు దారిలోని దీపమును వెలిగించును, మోటారును త్రిప్పును. ఆవలి పలకవద్ద గాలిలోని ఆమ్లజని వేచి యుండును. ఒక ఆమ్లజని అణువు, నాలుగు ప్రోటానులు, నాలుగు ఎలక్ట్రానులు కలిసి రెండు నీటి అణువులగును. పొగ లేదు, మసి లేదు, ఊగులాడు ముషలకము లేదు. అపోలో యాత్రలలో వ్యోమగాములు త్రాగిన నీరు ఇంధన ఘటములలో పుట్టినదే. (ఉదజని మాత్రము ఎచటనుండి వచ్చినదని అడుగవలసియే యున్నది. నేడు ప్రపంచములో తయారగు ఉదజనిలో అధికభాగము సహజవాయువునుండియు, బొగ్గునుండియు తీసినదే. ఆ తయారీలో బొగ్గుపులుసు గాలి పుట్టుచునే యున్నది. ఘటము శుభ్రముగా ఉన్నంత మాత్రాన ఇంధనమును శుభ్రమైనదని చెప్పుటకు వీలులేదు.)

లెక్క ప్రకారము ఇట్టి ఘటము 1.23 వోల్టుల పీడనము ఇయ్యవలెను. కాని బాగుగా విద్యుత్తును లాగుచున్నపుడు కొలిచినచో సుమారు 0.6 లేక 0.7 వోల్టులే కనబడును. మిగిలినది వేడిగా మారిపోవును. ఈ నష్టములో పెద్దభాగము ఎచట జరుగుచున్నది? ఉదజని పలకవద్ద కాదు. అచట చర్య చాల చురుకుగా జరుగును; లేశమంత ప్లాటినము చాలును. నష్టమంతయు ఆమ్లజని పలకవద్దనే.

దీనికి కారణము ఆమ్లజని అణువు స్వభావము. అందులో రెండు పరమాణువులు జంటబంధముతో గట్టిగా పెనవేసికొని యుండును. ఒక మోలు ఆమ్లజనిలోని బంధములను త్రెంచుటకు సుమారు 498 కిలోజౌళ్ళ శక్తి కావలెను. పైగా నాలుగు ఎలక్ట్రానులును, నాలుగు ప్రోటానులును ఒకదాని వెంట ఒకటి వచ్చి, వరుస తప్పక చేరవలెను. నాలుగింటికి బదులు రెండు ఎలక్ట్రానులే అంది, పని నడుమనే ఆగిపోయినచో నీటికి మారుగా ఉదజని పెరాక్సైడు పుట్టును. పుండ్లను కడుగుటకు వాడు మందే యిది. అది ఘటములో చేరినచో త్వచమును మెల్లగా తినివేయును. కావున చర్య వేగముగా జరిగిన చాలదు, పూర్తిగా కూడ జరుగవలెను.

ఇచటనే ఉత్ప్రేరకము అవసరమగుచున్నది. ఉత్ప్రేరకమును సంతలోని దళారితో పోల్చవచ్చును. దళారి అమ్మువానిని, కొనువానిని ఒకచోట చేర్చి, బేరము కుదిర్చి, తాను ప్రక్కకు తొలగవలెను. ఎవరిని చూచినను పలుకరింపనివాడు దళారి కాలేడు. పలుకరించి చేయి పట్టుకొని ఇక విడువనివాడును దళారి కాలేడు. బంగారము మొదటి రకమునకు చెందినది; ఆమ్లజనిని పట్టీపట్టనట్లు ఉండును. ఇనుము, నికెలు రెండవ రకమునకు చెందినవి. పట్టిన విడువవు, పైగా ఆమ్లములో తామే కరిగిపోవును. ప్లాటినము పట్టవలసినంత పట్టి, విడువవలసినపుడు విడుచును. ఉత్ప్రేరకపు పట్టు అతిగాను ఉండరాదు, తక్కువగాను ఉండరాదను ఈ నియమమును ఫ్రెంచి రసాయనజ్ఞుడు పాల్ సబాటియే పేరుతో వ్యవహరింతురు.

ఒక చిన్న లెక్క

గ్రోవ్ నాటినుండి నేటివరకు ఉదజని ఘటముల కథ ప్లాటినపు కథయే. 1965 ఆగస్టులో ఎగిరిన జెమినీ 5 నౌకలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు చేసిన త్వచపు ఘటములు విద్యుత్తునిచ్చెను. అంతరిక్షనౌకకు ప్లాటినము ధర ఒక లెక్క కాదు. మన శ్రీహరికోటనుండి 2024 జనవరి 1న ఎగిరిన పి.ఎస్.ఎల్.వి.-సి58 రాకెట్టు చివరి అంచెలో కూడ ఇస్రోవారు 100 వాట్ల తరగతికి చెందిన ఇట్టి ఘటము నొకదానిని ఉంచి పరీక్షించిరి. అది అంతరిక్షములో 180 వాట్ల విద్యుత్తును పుట్టించెను. రాకెట్టులో చెల్లిన ఖర్చు బజారులో చెల్లదు. తొలి త్వచపు ఘటములలో ఒక చదరపు సెంటీమీటరు పలకకు 4 మిల్లీగ్రాముల ప్లాటినము పట్టెడిది. 1980ల నడుమ అమెరికాలోని లాస్ ఆలమోస్ ప్రయోగశాలవారు ప్లాటినమును సన్నని రేణువులుగా చేసి, బొగ్గుపొడిపై చల్లి, దానిలోనికి త్వచపదార్థపు ద్రావణమును ఇంకించి, ఆ కొలతను 0.4 మిల్లీగ్రామునకు దించిరి. ద్రవము, వాయువు, లోహము కలియు చోటును పెంచవలెనన్న గ్రోవ్ మాట ఇట్లు నూటయేబది యేండ్లకు ఫలించినది.

తరువాత ఇంకను తగ్గించిరి. అయినను ఒక మోటారుకారును నడపు ఘటముల దొంతరకు 20 నుండి 30 గ్రాముల వరకు ప్లాటినము కావలసియే యున్నది. ప్రపంచములోని గనులన్నిటినుండి ఏటేట వచ్చు ప్లాటినము సుమారు 180 టన్నులు. అందులో మూడింట రెండు వంతులకు పైగా దక్షిణాఫ్రికా నుండియే వచ్చును. కారొకటికి 30 గ్రాముల చొప్పున భాగించినచో, ప్లాటినమంతయు దీనికే వినియోగించినను 60 లక్షల కార్లకు మించి చాలదు. ప్రపంచములో ఏటేట తయారగు మోటారు వాహనములు 8 కోట్లకు పైబడి యున్నవి. ఆభరణములవారికిని, పెట్రోలు కార్ల పొగగొట్టములలోని ఉత్ప్రేరకములకును, రసాయన కర్మాగారములకును కూడ ఇదే ప్లాటినము కావలెను. తరగతిలో నల్లబల్లపై వేయదగిన లెక్క యిది. ప్లాటినమును ఇంకను బహుకొద్దిగ వాడుటయో, దానికి బదులు మరియొకదానిని వెదకుటయో తప్ప వేరు దారి లేదని విద్యార్థులే చెప్పగలరు.

పొదుపుగా వాడుటలోను ఒక చిక్కు కలదు. బొగ్గుపొడిపై చల్లిన ప్లాటినపు రేణువులు రెండు మూడు నానోమీటర్ల పరిమాణము గలవి. అనగా మిల్లీమీటరులో లక్షల వంతుల లెక్క. అంత చిన్న రేణువులు నిలుకడగా ఉండవు. చారుపై తేలు నూనెబొట్లు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవైనట్లు, ఇవియు జరిగి జరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోవును, కొన్ని కరిగిపోవును. రేణువులు పెద్దవైనకొలది ఉపరితలము తగ్గిపోవును. ఘటము నీరసించును.

పెన్సిలులోని రేకు

బదులుగా వెదకినవానిలో అందరి దృష్టిని ఆకర్షించినది గ్రాఫీను. పెన్సిలుములుకులో ఉండు గ్రాఫైటు కర్బన పరమాణువుల రేకులను పుస్తకపు పుటలవలె పేర్చినట్టిది. పుటకు పుటకు నడుమ దూరము 0.335 నానోమీటరు. ఒక మిల్లీమీటరు మందము గల గ్రాఫైటులో సుమారు 30 లక్షల పుటలు ఉండును. అందులో ఒకే యొక పుటకు గ్రాఫీను అని పేరు. మాంచెస్టరు విశ్వవిద్యాలయములో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవొసెలోవ్ అను శాస్త్రజ్ఞులు 2004లో ఈ పుటను వేరుచేసి, దాని విద్యుత్ లక్షణములను కొలిచి ప్రకటించిరి. వారు వాడిన సాధనము జిగురు టేపు. గ్రాఫైటుపై టేపును అంటించి, ఊడబెరికి, మరల మడిచి, మరల ఊడబెరికి, కడకు ఒకే పుట మిగులునట్లు చేసిరి. 2010లో వారికి భౌతికశాస్త్రపు నోబెలు బహుమానము లభించినది.

ఈ రేకులో పరమాణువులు తేనెపట్టు గదులవలె ఆరుమూలల వలయములుగా అమరియుండును. విద్యుత్తు దీనిలో అతిసులభముగా పారును. ఒక గ్రాము గ్రాఫీనును ఒకే రేకుగా పరచగలిగినచో అది 32 సెంట్ల నేలను కప్పును. రెండు ముఖములను కలిపి లెక్కించినచో 2630 చదరపు మీటర్లు, అనగా 65 సెంట్లు. చవకైన కర్బనము, అంత ఉపరితలము, అంత చక్కని వాహకత్వము! ఉత్ప్రేరకమునకు ఇంతకంటె ఏమి కావలెనని తోచును.

కాని దోషములేని గ్రాఫీను రేకు ఆమ్లజనిని దాదాపు పట్టించుకొనదు. అందలి ప్రతి కర్బన పరమాణువును మూడువైపుల ముగ్గురు పొరుగువారితో బంధము చేసికొని, మిగిలిన ఎలక్ట్రానును రేకంతటికి ఉమ్మడిగా ఇచ్చి, తృప్తిగా ఉండును. క్రొత్తగా ఎవరు వచ్చినను దానికి అవసరము లేదు. దళారికి ఉండవలసిన చొరవ దానికి లేదు.

ఈ విషయమును పాఠశాలలోనే చూపవచ్చును. తినుసోడాను నీటిలో కరిగించి, రెండువైపుల చెక్కిన రెండు పెన్సిళ్ళను అందులో నిలిపి, 9 వోల్టుల బ్యాటరీతో ఒకటి రెండు నిముషములు విద్యుత్తును పంపవలెను. (తినుసోడాకు బదులు ఉప్పును వాడరాదు, క్లోరిను పుట్టును.) ములుకులకు బుడగలు అంటుకొన్న పిమ్మట బ్యాటరీని తీసి వోల్టుమీటరును తగిలించినచో అది ఒక వోల్టుకు మించియే చూపును. అయితే వోల్టుమీటరునకు బదులు చిన్న మోటారును తగిలించినచో అది తిరుగదు. పీడనమున్నది, ప్రవాహము లేదు. వాయువులు సిద్ధముగా ఉన్నను వాటిని త్వరపెట్టువాడు లేడు. గ్రోవ్ వాడిన ప్లాటినమునకు, పెన్సిలులోని బొగ్గునకు గల తేడా ఈ చిన్న ప్రయోగముచే తెలియును.

చెడగొట్టిన రేకు

కావున రేకును పనిలోనికి దించవలెనన్న దానిని కొంత చెడగొట్టవలెను. అక్కడక్కడ కర్బన పరమాణువును తీసి, ఆ చోట నత్రజని పరమాణువును ఉంచుట ఒక మార్గము. ఆవర్తన పట్టికలో నత్రజని కర్బనమునకు ప్రక్కయింటిదే. దానికి ఒక ఎలక్ట్రాను ఎక్కువ. అంతేగాక ఎలక్ట్రానులను తనవైపునకు లాగుకొను గుణమును ఎక్కువ. దాని ప్రక్కనున్న కర్బనము కొంచెము లోటుపడి, ధనావేశము గలదియై, ఆమ్లజనికి చేయి చాచును. 2009లో లిమింగ్ డాయ్, ఆతని సహచరులు అమెరికాలో నత్రజని చేర్చిన కర్బన నాళికలపైనను, మరుసటి యేడు నత్రజని చేర్చిన గ్రాఫీనుపైనను ప్రయోగములు చేసి, క్షారద్రావణములో ఇవి ప్లాటినముతో సమానముగ, కొన్ని విషయములలో మిన్నగా కూడ పనిచేయుచున్నవని ప్రకటించిరి. 2016లో జపానులోని త్సుకుబా విశ్వవిద్యాలయమున నకమురా బృందమువారు, రేకు అంచున రెండే కర్బనములతో కలిసియుండు నత్రజనియే ముఖ్యమైనదనియు, ఆమ్లజని చేరునది ఆ నత్రజనిపై గాక దాని ప్రక్కనున్న కర్బనముపై అనియు చూపిరి.

లోహము లేకయే లోహము పని జరుగుచున్నదను వార్త ప్రపంచమున పెద్ద ఉత్సాహమును కలిగించినది. నత్రజని తరువాత బోరాను, గంధకము, భాస్వరము, అయొడిను, వీటిలో రెండేసి, మూడేసి కలుపుట మొదలైనది. ప్రతి కలయికకును ఒక పత్రము వెలువడెను. ప్రతి పత్రములోను క్రొత్త కలయిక పాతదానికంటె మేలైనదనియే యుండెను.

ఇచట కొందరికి సందేహము కలిగెను. గ్రాఫీనును పెద్దయెత్తున చేయువారు జిగురు టేపును వాడరు. 1958లో హమ్మర్సు, ఆఫ్‌మన్ అనువారు ప్రకటించిన పద్ధతిలో గ్రాఫైటును గాఢ గంధకికామ్లములో పొటాసియం పర్మాంగనేటుతో కలిపి ఆక్సీకరింతురు. పుటలు ఉబ్బి విడిపోవును. పర్మాంగనేటులో ఉండునది మాంగనీసు. ఎంత కడిగినను అది కొంచెము మిగిలిపోవును. మార్టిన్ పుమేరా, ఆతని సహచరులు సింగపూరులో ఈ విషయమును పరీక్షించి, లోహము లేదని చెప్పబడిన గ్రాఫీనులలో మాంగనీసు లేశములున్నవనియు, ఆమ్లజనిపై జరుగుచున్న పని ఆ లేశముల చలవయే అనియు 2013లో వ్రాసిరి. లోహమును బయటకు నెట్టితిమని సంతోషించుచుండగా అది పెరటిదారిని లోపలికి వచ్చి కూర్చున్నదన్నమాట!

పుమేరా 2020లో మరియొక ప్రయోగమును ప్రకటించెను. దీనిని సగము పరిహాసముగను, సగము నిజముగను చేసినట్లు కనబడును. ఆతని బృందము పక్షుల రెట్టను గ్రాఫీను ఆక్సైడులో కలిపి కాల్చెను. రెట్టలో నత్రజని, భాస్వరము, గంధకము సహజముగానే యుండును గదా! అట్లు వచ్చిన పదార్థము ఏమియు కలుపని గ్రాఫీనుకంటె మెరుగుగా పనిచేసినది. ఏమి కలిపినను పాడుచేయని రేకుకంటె మెరుగుగనే పనిచేయుననియు, కావున మెరుగైనదని చెప్పుటలో విశేషము లేదనియు, ఎందుకు మెరుగైనదో చెప్పవలెననియు ఆ ప్రయోగపు తాత్పర్యము. పరిహాసము మోటుదైనను, దెబ్బ తగులవలసిన చోటనే తగిలినది. నత్రజని ప్రభావము వట్టిదని మాత్రము దీనివలన తేలదు. లోహపులేశములు లేకుండ జాగ్రత్తగా చేసిన త్సుకుబా ప్రయోగములు అందుకు సాక్ష్యము. అయితే ఆమ్లములో, అనగా నేటి త్వచపు ఘటములలో, ఒంటరి నత్రజని శక్తి ప్లాటినమునకు చాల వెనుకబడి యున్నది.

రక్తములోని కిటుకు

లోహము ఎట్లును పనికివచ్చుచున్నపుడు, దానిని దాచుకొనక ఉద్దేశపూర్వకముగ ఉంచిన తప్పేమి? ఇది రెండవ మార్గము. నిజమునకు ఇది గ్రాఫీనుకంటె పాతది. 1964లో రేమండ్ జాసిన్‌స్కీ అను అమెరికను శాస్త్రజ్ఞుడు కోబాల్టు థాలొసయనిను అను రంగుద్రవ్యము ఆమ్లజనిని క్షయకరించుటలో ఉత్ప్రేరకముగా పనిచేయునని కనుగొనెను. ఆ అణువు నడుమ ఒక కోబాల్టు పరమాణువు, దాని చుట్టు నాలుగు నత్రజనులు. ఈ అమరిక జీవశాస్త్ర విద్యార్థులకు క్రొత్తది కాదు. మన రక్తమునకు ఎరుపునిచ్చు హీము అను భాగములో నాలుగు నత్రజనుల నడుమ ఒక ఇనుప పరమాణువు కూర్చుండి యుండును. మన కణములలో, పీల్చిన ఆమ్లజనికి నాలుగు ఎలక్ట్రానులు నందించి నీటిగా మార్చు ఎంజైములో కూడ ఇట్టి హీము ఉన్నది. దానికి తోడు రాగి ఉన్నది. ప్లాటినపు రవ్వయైన లేకుండ ప్రతి ప్రాణియు తన దేహములో ఇంధన ఘటపు పనిని నిత్యము చేసికొనుచునే యున్నది.

రంగుద్రవ్యము ఆమ్లములో ఎక్కువకాలము నిలువదు. ఇనుపలవణమును, నత్రజని గల పదార్థమును, బొగ్గును కలిపి, గాలి తగులకుండ 900 డిగ్రీల ప్రాంతమున కాల్చినచో ఎంతయో గట్టిదైన ఉత్ప్రేరకము వచ్చునని క్రమముగా తెలిసినది. 2009లో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున డొడెలె బృందమువారును, 2011లో లాస్ ఆలమోస్‌లో జెలెనాయ్ బృందమువారును ఇట్లు చేసిన ఇనుప ఉత్ప్రేరకములతో ఘటములను నడిపి చూపిరి. ఆ నల్లని పొడిలో పనిచేయునది ఏదో చాలకాలము ఎవరికిని స్పష్టముగా తెలియదు. 2017లో లాస్ ఆలమోస్ బృందమువారు శక్తివంతమైన ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచినపుడు, గ్రాఫీను రేకులలో ఒంటరి ఇనుప పరమాణువులు చుక్కలవలె కనబడెను. వాటి ప్రక్కన నత్రజని ఉన్న జాడయు తెలిసెను. రేకులో కన్నమును చేసి, కన్నపు అంచులను నాలుగు నత్రజనులతో కుట్టి, నడుమ ఇనుమును పొదిగినట్టి అమరిక. వర్తకపు బజారులోనికి కూడ ఈ రకము కొంచెము అడుగుపెట్టినది. 2017లో కెనడాకు చెందిన బల్లార్డు, జపానుకు చెందిన నిషిన్‌బో కంపెనీలు కలిసి, ఆమ్లజని పలకపై ప్లాటినము లేని 30 వాట్ల చిన్న ఘటమును ప్రకటించెను. ముప్పది వాట్లతో ఒక మేజాబల్ల పంకా తిరుగును, కారు కదలదు.

చిక్కు ఎచట వచ్చుచున్నది? ఆయువులో. ఇనుప ఉత్ప్రేరకములు మొదటి గంటలలో చురుకుగా నుండి, కొలది దినములలోనే శక్తిలో పెద్దభాగమును కోల్పోవును. ఆమ్లములో ఇనుము కొంచెము కొంచెముగా కరిగి బయటపడును. బయటపడిన ఇనుము, ముందు చెప్పిన ఉదజని పెరాక్సైడుతో కలిసి అతితీవ్రమైన శకలములను పుట్టించును. 1894లో ఫెంటన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు వర్ణించిన చర్య యిదే. ఆ శకలములు త్వచమును, బొగ్గును కూడ కొరుకును. కర్బనము కూడ తడిగా, ఆమ్లజని పలకపై ఉండు విద్యుత్ పీడనములో, మెల్లగా బొగ్గుపులుసు గాలియై పోవుచుండును. ఘటమును ఆపి మరల నడుపునపుడు ఇది మరీ ఎక్కువ. ఈ కొరుకుడు మొదలగునది రేకు చక్కగా ఉన్నచోట కాదు. అంచులవద్ద, కన్నములవద్ద, నత్రజని చేర్చిన చోట్లను. ఏ దోషమువలన రేకు పనిచేయుచున్నదో, ఆ దోషము వద్దనే రేకు చినుగుచున్నది. ఈ రంగములో పనిచేయువారి కష్టమంతయు ఇదియే. చురుకును పెంచుటకు దోషములను పెంచిన ఆయువు తగ్గును. ఆయువును పెంచుటకు రేకును చక్కబరచిన చురుకు తగ్గును. కార్ల ఘటములు కనీసము 5000 గంటలైన నడువవలెననియు, లారీల ఘటములు 30,000 గంటలు నడువవలెననియు అమెరికా ఇంధనశాఖవారు లక్ష్యములుంచిరి. ఇనుప ఉత్ప్రేరకములు ఆ దరిదాపులకు ఇంకను రాలేదు. రోడ్లపై తిరుగు ఉదజని కార్లు నేటికిని ప్లాటినముపైననే నడచుచున్నవి.

రేకుతో సంచి

మూడవ మార్గము వేరొక దిక్కున ఆలోచించినది. గ్రాఫీను ప్లాటినపు పని చేయలేకపోయినచో, ప్లాటినమునకు కాపలా కాయరాదా? లాస్ ఏంజలీస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున యూ హువాంగ్ బృందమువారు 2022లో ప్లాటినము, కోబాల్టు కలిసిన నానోరేణువులను గ్రాఫీను సంచులలో ఉంచిన ఉత్ప్రేరకమును ప్రకటించిరి. సంచి రేణువును గట్టిగా అంటుకొని యుండదు. వదులుగా చుట్టుకొని యుండును. రేణువు కదలి ప్రక్కదానితో కలియబోయినచో సంచి అడ్డుపడును. కరిగి పోబోవు ప్లాటినము కూడ దూరము పోలేదు. ఇచట గ్రాఫీను దళారి కాదు, కావలివాడు. చవకగా దొరకు బొగ్గు ఉత్ప్రేరకమగునని ఆశించినవారికి ఇది చిన్న ఉద్యోగముగా తోచవచ్చును గాని, పలుచగా చల్లిన ప్లాటినమును చిరకాలము నిలుపుట ప్లాటినమును పొదుపు చేయుటతో సమానమే.

ఈ సంచికిని సందులుండక తప్పదు. లోపములేని గ్రాఫీను రేకు హీలియమును సైతము పోనీయదని 2008లోనే ప్రయోగముచే తేలినది. సంచి అట్లు మూసికొనిపోయినచో ఆమ్లజని లోపలికి రాలేదు, నీరు బయటికి పోలేదు. రేణువును ఆపునంత ఇరుకుగను, ఆమ్లజనిని పోనిచ్చునంత వదులుగను రేకు ఉండవలెను. దోషము ఎంత ఉండవలెనను పాత ప్రశ్నయే మరియొక రూపమున వచ్చినది.

ఆ బృందమువారే 2025లో లారీలకు ఉద్దేశించిన ఘటమును గూర్చి వ్రాసిరి. పీడనమును పైకిని క్రిందికిని 90,000 మారులు మార్చి పరీక్షించిన పిమ్మట ఘటపు శక్తిలో తరుగు 1.1 శాతముకంటె తక్కువ అని వారు చూపిరి. దానినిబట్టి ఘటపు ఆయువు 2 లక్షల గంటలకు మించునని అంచనా వేసిరి. పత్రికలలో వచ్చినది ఈ రెండవ అంకెయే. ఉపాధ్యాయులు విద్యార్థులకు మొదటి అంకెను కూడ చెప్పుట మంచిది. 90,000 మార్పులు కొలిచినవి. 2 లక్షల గంటలు గీతను పొడిగించి చదివినవి. ఎడతెగక నడచిన 2 లక్షల గంటలనగా దాదాపు 23 సంవత్సరములు. అంతకాలము ఈ ఘటమును నడిపి చూచినవారు ఇంకను ఎవరును లేరు.